కొండ దిగి కలకత్తాకు

పట్నము చూచి రావలెనన్న కోరిక మన పల్లెలలో తరతరములనుండి ఉన్నది. తీర్థయాత్రకు పోయినవారు పుణ్యము తెచ్చుకొందురు; సంతకు పోయినవారు సరకు తెచ్చుకొందురు; పట్నము చూడబోయినవారు కబుర్లు తెచ్చుకొందురు. ఉత్తరాంధ్రమున, అందులోను శ్రీకాకుళము, పాలకొండ, పార్వతీపురము ప్రాంతములలో, ఆ కబుర్లకు చిరకాలము నెలవైన మహానగరము కలకత్తా. దొరతనము వారి కాగితములు చెన్నపట్నమునుండి వచ్చుచుండెడివి. వింతలును, కూలి డబ్బులును కలకత్తానుండి వచ్చుచుండెడివి. 2001లో ఆ నగరము పేరు కొల్‌కతా అని మారినది. అయినను మా పెద్దల నోట నానిన పాత పేరునే ఇచ్చట వాడుచున్నాము.

మేము సీతంపేట వారము. మా ఊరు తూర్పు కనుమల ఒడిలో, పాలకొండకు ఎగువనున్నది. 2022 ఏప్రిల్ వరకు అది శ్రీకాకుళము జిల్లాలో ఉండెను. అప్పటినుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. చుట్టుపట్ల గూడెములలో సవరలు, జాతాపులు నివసింతురు. కొన్ని సంవత్సరముల క్రిందట మేము పదిమందిమి కలిసి కలకత్తా చూచి వచ్చితిమి. మాలో బడిపంతుళ్ళు ఉండిరి, రైతులు ఉండిరి, ఒక సవర పెద్దాయన కూడ ఉండెను. బయలుదేరుటకు ముందు, మనకంటె పూర్వము ఆ దారిన పోయినవారు ఏమి చూచిరో తెలిసికొందమని కొన్ని పాత గ్రంథములు తిరుగవేసితిమి. అట్లు మొదలైన విచారణ, మేము తిరిగి వచ్చిన పిమ్మటగాని ఒక కొలిక్కి రాలేదు. నగరమును చూచుట యనగా ఏమి? చూచువాడు ఎట్లు చూడవలెను? ఈ ప్రశ్నలకు మన చరిత్రలో దొరకిన సమాధానములను పాఠకులతో పంచుకొనుటయే మా ఉద్దేశము.

తెలుగున యాత్రాచరిత్ర యనగానే ఏనుగుల వీరాస్వామయ్యగారి పేరు స్ఫురించును. ఆయన చెన్నపట్నపు సుప్రీముకోర్టులో దుబాసీగా ఉన్నత పదవిలో ఉండిన ఉద్యోగి. 1830 మే 18వ తేదీన చెన్నపట్నమునుండి బయలుదేరి, కడప, కర్నూలు, హైదరాబాదు, నాగపూరుల మీదుగా ప్రయాగకును కాశికిని పోయి, అచ్చటినుండి గయ, పాట్నా, కలకత్తాలను చూచి, జగన్నాథము మీదుగా సముద్రతీరపు బాటను పట్టి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. పదునైదు నెలలకు పైబడిన ప్రయాణము! వెంట బంధువులు, పరిచారకులు, బోయీలు కలిసి నూరుమంది వరకు ఉండిరి. దారిపొడవున ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసిన వృత్తాంతమే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ యను పేర అచ్చయినది.

ఆ పుస్తకమును తెరచినవారికి మొదట కొంత ఆశాభంగము కలుగవచ్చును. మేడల వర్ణనలకై వెదకినవానికి ఆమడల లెక్కలు కనబడును. ఏ ఊరిలో దిగుటకు చోటున్నది, ఏ ఊరిలో మంచినీళ్ళు దొరకును, ఎచ్చట ఏ నాణెము చెల్లును, ఏ ప్రాంతమున ప్రజలు ఏ విధముగా బ్రతుకుచున్నారు—ఇవియే ఆయన అడిగి వ్రాసికొన్న సంగతులు. చిన్న పల్లెను కూడ ఆయన పేరు పెట్టి పేర్కొనెను. మహానగరమునకు ఒక కన్ను, కుగ్రామమునకు మరియొక కన్ను ఆయనకు లేవు. చూచుట యనగా ఆయన దృష్టిలో అడుగుట.

ఆయన వెళ్ళునాటికి కలకత్తా దేశమునకు రాజధాని. గవర్నరు జనరలు మహాసౌధము వెలసి అప్పటికి ముప్పది సంవత్సరములు కావచ్చినది. ఏషియాటిక్ సొసైటీ 1784లోను, హిందూ కళాశాల 1817లోను స్థాపితములైనవి. రాజా రామమోహనరాయలు 1830 నవంబరులోనే అచ్చటినుండి ఇంగ్లండుకు ఓడ ఎక్కెను. ఇన్ని కొత్తదనములు పోగుపడియున్న నగరమును చూచి వచ్చుచు వీరాస్వామయ్యగారు గంజాము, శ్రీకాకుళముల మీదుగా దక్షిణమునకు నడచెను. నాటి బాట సముద్రమును అంటిపెట్టుకొని పోవుచుండెను. ఆ బాటకు పడమట, ఆకాశపు అంచున నీలముగా కనబడు వరుసయే మా కొండలు. ఆ రోజులలో తీరపు బాటసారులకు కొండలోనికి పోవు పని లేదు.

అయితే మరుసటి సంవత్సరమే ఆ కొండలకు ఇతరులు వచ్చిరి. వారు యాత్రికులు కారు. పర్లాకిమిడి, పాలకొండ జమీలలో అలజడి చెలరేగగా, 1832లో జార్జి ఎడ్వర్డు రస్సెల్ అను ప్రత్యేక కమీషనరును చెన్నపట్నపు ప్రభుత్వము వారు పంపిరి, సైన్యములు కదలినవి, మరుసటేడు పాలకొండ జమీని కుంఫిణీ వారు స్వాధీనము చేసికొనిరి. పట్నము మా కొండలను మొదటిసారి శ్రద్ధగా చూచుట ఈ విధముగా జరిగినది. ఆ చూపులో పన్నును, తిరుగుబాటును తప్ప మనిషిని చూచు తీరిక లేకుండెను.

రెండవ చూపు ఇంకను చిత్రమైనది. 1866 ప్రాంతమున కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఎదుట డాక్టరు జోసెఫ్ ఫేరర్ అను వైద్యుడు ఒక ప్రతిపాదన ఉంచెను. దేశములోని జాతులన్నిటినుండి కొందరేసి మనుష్యులను కలకత్తాకు రప్పించి, ఒకచోట నిలిపి, పండితులు వారిని పరీక్షించుటకును, ప్రజలు చూచుటకును ఒక మహాసభ జరుపవలెనని ఆయన ఆలోచన. జంతుప్రదర్శనము వంటి మనుష్యప్రదర్శనము! దానికి పెద్దల మద్దతు కూడ లభించినది. కాని దూరపు కొండలనుండి తెచ్చు జనము దారిలోను, నగరములోను వ్యాధులపాలై మరణింతురేమో యని అధికారులు భయపడిరి. ఆ సభ జరుగలేదు. దానికొరకు సేకరించిన వివరములు ఆధారముగా కర్నల్ డాల్టన్ 1872లో బంగాళాదేశపు జాతులను గూర్చి ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను.

కలకత్తా చూడవలెనని మేము ముచ్చటపడుచుండగా, ఆ కలకత్తాయే ఒకప్పుడు కొండవారిని తెచ్చి చూపింపవలెనని ముచ్చటపడిన దన్నమాట. ఈ సంగతి చదివిన దినమున మా ప్రయాణపు ఉత్సాహము కొంచెము చల్లబడినది. అయినను మానుకొనలేదు. రెండు చూపులకును గల భేదమును స్వయముగా తెలిసికొనవలెనన్న పట్టుదల హెచ్చినది.

వీరాస్వామయ్యగారికి నెలలు పట్టిన దారిని రైలు ఒక రాత్రి ప్రయాణముగా మార్చినది. 1893 మొదలుకొని తూర్పుతీరపు రైలుమార్గము బెజవాడనుండి కటకము వరకు అంచెలంచెలుగా తెరువబడినది. 1900లో రూపనారాయణ నదిపై వంతెన పూర్తియై ఆ మార్గము హౌరాతో కలిసినది. అదే సంవత్సరమున పర్లాకిమిడి రాజావారు నౌపడానుండి తమ పట్టణమునకు చిన్న రైలు వేయించిరి. 1931లో అది గుణుపురము వరకు సాగినది. కొండలనడుమ మెల్లగా పాకు ఆ బుల్లిబండి ఎందరికో నగరపు మొదటి మెట్టు. 2004లో ఆగి, పెద్దలైనుగా మారి, 2011లో ఆ మార్గము మరల తెరువబడినది.

రైలు వచ్చిన పిమ్మట మన ప్రాంతమునుండి కలకత్తాకు పోయినవారిలో వేడుక చూడబోయినవారు తక్కువ. పనికి పోయినవారు ఎక్కువ. హుగ్లీ తీరపు జనుపనార మిల్లులలో, ఖరగ్‌పూరు రైలు కార్ఖానాలో తెలుగువారు వేలకొలది పనిచేసిరి. మెట్టపంటలు పండని యేడు ఇంటికొకరు రైలెక్కుట మామూలు. వారు నగరమును మనకంటె బాగుగా ఎరుగుదురు; కాని వారు గ్రంథములు వ్రాయలేదు. పండుగకు ఇంటికి వచ్చి అరుగుమీద చెప్పిన కబుర్లే వారి యాత్రాచరిత్రలు.

ఇక ఎదురు ప్రయాణము చేసినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా, వారికి సవరల భాషపై ఆసక్తి కలిగినది. ఆ భాష తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు. ముండా కుటుంబమునకు చెందినది. దానికి అప్పటికి వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. పంతులుగారు సవరలను ఇంటికి పిలిచి, అన్నము పెట్టి, మాటలు అడిగి నేర్చుకొనిరి. కొండలలో తిరిగిరి, చలిజ్వరము పట్టినది, క్వినైను మందు వలన వినికిడి పోయినది. మాటలు వినుటకై కొండనెక్కినవారు చెవులను అచ్చట వదలి దిగిరి. అయినను విడువక సవర పిల్లలకు బడులు పెట్టించి, వాచకములు వ్రాసి, 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిరి. వీరాస్వామయ్యగారు దారిపొడవున చేసిన పనియే పంతులుగారు ఒక్కచోట నిలిచి జీవితకాలము చేసిరి. ఆ పని అడుగుట.

సవరలు నగరమును చూడలేదా? చూచిరి, చూచి గోడలమీద వ్రాసికొనిరి. ఎఱ్ఱమన్ను పూసిన గోడపై బియ్యపుపిండితో వారు వ్రాయు బొమ్మలు నేడు ప్రసిద్ధములైనవి. అవి అలంకారములు కావు. గతించినవారిని గౌరవించుటకు, రోగము తొలగుటకు, పంట పండుటకు వ్రాయు మ్రొక్కుబొమ్మలు. గంజాము, కోరాపుట్టు కొండలలో వీనిని పరిశీలించిన వెరియర్ ఎల్విన్ వీనిని ఇట్టల్ అని పేర్కొని, 1955లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. చెట్లు, ఏనుగులు, సూర్యచంద్రుల నడుమ రైలుబండ్లు, సైకిళ్ళు, విమానములు కూడ ఆ గోడలపై ఉన్నవి. నగరపు వస్తువులను వారు వెక్కిరింపలేదు, వానికి జడియనులేదు. తమ పెద్దలు నివసించు లోకములో వానికి చోటిచ్చిరి.

ఇంతవరకు చదువు. ఇక మా ప్రయాణము. పాలకొండ మీదుగా ఆమదాలవలసకు బస్సులో పోయి, అచ్చట శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలెక్కితిమి. అచ్చటినుండి హౌరా సుమారు 750 కిలోమీటర్లు. తెల్లవారి స్టేషను వెలుపలికి రాగానే ఎదుట హౌరా వంతెన. 1943లో తెరచిన ఈ వంతెనకు నదిలో ఒక్క స్తంభము లేదు. 26,500 టన్నుల ఉక్కుతో కట్టినారు. మరమేకులు లేక రివిట్లతోనే కూర్చినారు. దానికి ముందు 1874నుండి పడవలపై తేలు వంతెన ఉండెడిది. నేడు, 2024నుండి, నది అడుగున సొరంగములో రైలు నడచుచున్నది. 1902నుండి విద్యుచ్ఛక్తితో నడచిన ట్రాములు మాత్రము దాదాపు కనుమరుగైనవి. మాలో చదువుకొన్నవారము ఈ సంవత్సరములన్నియు ఒకరికొకరము చెప్పుకొనుచుండగా, సవర పెద్దాయన వంతెనమీద గంపలు మోయుచున్న కూలీలను చూచుచుండెను.

“మేస్టారూ, ఈ బరువుకి ఎంతిత్తారో అడగండి” అనెను.

మాకు బెంగాలీ రాదు. వచ్చీరాని హిందీలో అడిగితిమి. కూలివాడు చెప్పెను. పెద్దాయన తల ఊపి, మా సంతలో చింతపండు మోసినవానికి ఇచ్చు కూలితో పోల్చి చూచుకొనెను. మధ్యాహ్నము ఒక వీధి దుకాణమున ఆకుదొన్నెలలో పలహారము పెట్టిరి. ఆయన తినుట ముగించి దొన్నెను తిరుగవేసి చూచెను. “ఇది అడ్డాకు కాదు. గుగ్గిలం చెట్టు ఆకు. పుల్ల మాత్రం మనం గుచ్చినట్టే గుచ్చినారు” అనెను. అడ్డాకులు ఏరి, విస్తళ్ళు కుట్టి సంతకు తెచ్చుట మా కొండవారి జీవనాధారములలో ఒకటి. మహానగరములో ఆయనకు మొదట చుట్టమైనది ఆ పుల్లకుట్టు. నూటతొంబది సంవత్సరములకు పూర్వము వీరాస్వామయ్యగారు ఊరూర అడిగిన ప్రశ్నల వరుస మాకు అప్పుడు గుర్తునకు వచ్చినది. ఆ గ్రంథమును చదివినవారము మేము. ఆ విధముగా చూచినవాడు ఆయన.

మరునాడు శిబ్‌పూరులోని వృక్షశాస్త్రోద్యానమునకు పోయితిమి. 1787లో రాబర్టు కిడ్ స్థాపించిన ఈ తోటకు 2009లో ఆచార్య జగదీశ చంద్ర బోసుగారి పేరు పెట్టిరి. ఈ తోటతో మన తెలుగునాటికి పాతబంధుత్వము కలదు. మన సామర్లకోటలో మొక్కలు పెంచి, పరిశోధించి, బొమ్మలు వ్రాయించిన విలియం రాక్స్‌బరో 1793లో ఈ తోట పర్యవేక్షకుడై కలకత్తాకు పోయెను. కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథము 1795నుండి సంపుటములుగా వెలువడినది. అనగా మన మొక్కల వృత్తాంతము మనకంటె ముందే ఆ నగరము చేరినది.

అచ్చటి మహావటవృక్షము వయస్సు రెండువందల యేబది సంవత్సరములకు పైమాట. తుపానులు తగిలి, బూజు పట్టి, దాని మూలకాండము చెడిపోగా 1925లో తొలగించిరి. అయినను వేలకొలది ఊడలపై చెట్టు నిలిచి, ఇంకను విస్తరించుచున్నది. ఈ మాట పలకమీద చదివి చెప్పగా, పెద్దాయన చాలసేపు నడుమనున్న ఖాళీచోటును చూచుచు నిలుచుండెను. ఏమియు అనలేదు.

కడపటి దినమున ఒక ప్రదర్శనశాలకు పోయితిమి. అందులో దేశపు గిరిజనుల ఆభరణములు, విల్లంబులు, అద్దాల వెనుక నిలిపిన మట్టిబొమ్మలు ఉన్నవి. ఒక స్త్రీమూర్తి ఎదుట పెద్దాయన ఆగెను. క్రింద పలకమీద తెగ పేరును, ప్రాంతము పేరును ఉన్నవి.

“మేస్టారూ, ఈ అమ్మ పేరేటి?” అని అడిగెను.

“తాతా, ఇది బొమ్మ. ఒక మనిషి కాదు, ఆ జాతి వారందరును ఇట్లుందురని చూపుటకు చేసినది” అని చెప్పితిమి.

“ఎవుర్నో ఒకర్ని చూసే కదా చేసుంటారు? ఊరి పేరున్నాది. మనిసి పేరు నేదేటి?”

మావద్ద సమాధానము లేదు. అద్దములో మా నీడలు ఆ బొమ్మప్రక్కన పడుచుండెను. 1866 నాటి ప్రతిపాదనలో లోపించినది ఏదో ఆ ప్రశ్న ఒక్క మాటలో చెప్పినది. నాటి పండితులకు జాతులు కావలెను, కొలతలు కావలెను. పేర్లు అవసరము లేదు. పేరు అడిగినచో మనిషి బదులు చెప్పును. బదులు చెప్పిన మనిషిని అద్దము వెనుక నిలుపుట కష్టము.

ఆ ప్రదర్శనశాలలను మేము నిందించుటలేదు. అవి లేనిచో ఎన్నియో వస్తువులు నశించియుండెడివి. పండితులు వ్రాసిన గ్రంథములు లేనిచో ఈ వ్యాసమే లేదు. మేము చెప్పదలచినది ఒక్కటే. నగరమును చూచుటకు పోయిన మన పూర్వులలో ఉత్తములు అడుగుచు చూచిరి. అందుచేతనే వారి చూపు ఇన్నాళ్ళు నిలిచినది. అడుగక చూచిన చూపు ఎంత గొప్ప నగరమునుండి వచ్చినను ప్రదర్శనముగానే మిగిలినది.

ఇప్పుడు దారి తిరుగబడినది. మా సీతంపేటకే పర్యాటకులు వచ్చుచున్నారు. ఆడలి కొండపైనుండి మబ్బులను చూచుటకును, మెట్టుగూడ జలపాతములో తడియుటకును సెలవుదినములలో బండ్లు బారులు తీరుచున్నవి. రావలసినదే, వారి రాకవలన మా వారికి నాలుగు డబ్బులు కూడ వచ్చుచున్నవి. కాని దారిప్రక్కన అనాసపండ్లు అమ్ముకొను ముసలమ్మ ఎదుట బండి ఆపి, ఫోటో తీసికొని, మాటాడకయే సాగిపోవువారిని చూచినప్పుడు మాకు ఆ అద్దపు పెట్టె గుర్తుకు వచ్చును. ఆ ముసలమ్మకు పేరు కలదు. ఆ పండు ఏ కొండవాలున పండినదో, దానిని అచ్చటినుండి మోయుటకు ఎంత పొద్దు పట్టినదో ఆమె చెప్పగలదు. అడిగినవారికి ఆమె చెప్పును. ఒక ముక్క కోసి చేతిలో పెట్టును కూడ.

కలకత్తానుండి తిరిగి వచ్చిన నెలలోనే సవర పెద్దాయన తన ఇంటిగోడకు ఎఱ్ఱమన్ను పూయించెను. బొమ్మలు వ్రాయువానిని పిలిపించి, వ్రాయవలసినవి ప్రక్కన కూర్చుండి చెప్పెను. మేము చూడబోయినప్పుడు ఏనుగుకును నెమలికిని నడుమ ఒక వంతెన ఉన్నది. దానిక్రింద నదిలో స్తంభములు లేవు. వంతెనమీద గంప మోయుచున్న మనిషి ఉన్నాడు. నడుమ బోదెలేని మఱ్ఱిచెట్టు ఉన్నది. ఒక మూలన ఒంటరిగా నిలుచున్న స్త్రీ ఉన్నది. ఆమె చుట్టు అద్దము లేదు. ఆమెకు తన తల్లి పేరు పెట్టినానని పెద్దాయన చెప్పెను.